రెండు వందల అంకె వెనక ఎండిపోయిన ఏరు

మా చిన్నాయన ఇంటి చూరులో, విత్తనాల మూటల పక్కన మడిచి పెట్టిన ఒక చీటీ దొరికింది. దాని మీద ఆయన పేరు, వయసు, 268 అనే అంకె. ఇంకో మాట లేదు. సంత రోజున వచ్చిన ఒక వైద్య శిబిరం వాళ్ళు వేలికి సూది గుచ్చి రాసిచ్చిన చీటీ అది. నేను దాన్ని చూసేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి. అప్పటికే చిన్నాయన కుడి కాలి బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు.

పొలంలో ముల్లు గుచ్చుకుని పుండు పడింది. పసరు కట్టాం, మానలేదు. సూదిమందు వేయించాం, మానలేదు. చివరికి పట్నం తీసుకుపోతే అక్కడి డాక్టరు "షుగరుందని తెలియదా? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని కసిరాడు. మాకు తెలియదు. చూరులోని కాగితానికి మాత్రం తెలుసు. ఆ శిబిరం రోజున బడి అరుగు మీద బల్లలు వేయించింది నేనే. జనాన్ని వరసలో నిలబెట్టింది నేనే. "ఏందిరా అబ్బాయి, ఇందులో ఏం రాశారు?" అని చిన్నాయన అడిగితే, "ఏం లేదులే, దాచిపెట్టుకో" అన్నదీ నేనే. చదువుకున్నవాణ్ణి. పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ఆ అంకెకు అర్థం మాత్రం తెలియనివాణ్ణి.

అందుకే ఆ అంకె సంగతి తెలుసుకోవాలని కూర్చున్నాను. ఎంత ఉంటే జబ్బు, ఎంత ఉంటే కాదు అని ఎవరు తేల్చారు? ఎవరి నెత్తురు చూసి తేల్చారు? ఊరంతటినీ పరీక్షించే పని ఎక్కడ మొదలైంది? చదువుతూ పోతే దారి అమెరికాలోని అరిజోనా ఎడారికి పోయింది. అక్కడ కనిపించినవాళ్ళు ఆదివాసులే. అందుకే ఈ చరిత్ర మన యువతకూ తోటి టీచర్లకూ తెలియాలని రాస్తున్నాను.

చీమలు, పరీక్ష గొట్టం, ఒక చిన్న ఊరు

తీపి మూత్రం జబ్బు పాతదే. మన దేశపు పాత వైద్య గ్రంథాల్లో దాన్ని మధుమేహం అన్నారు. మూత్రానికి చీమలు పట్టడం గుర్తు. ఇంగ్లండులో 1776లో మాథ్యూ డాబ్సన్ అనే వైద్యుడు మూత్రాన్ని ఆవిరి చేసి, మిగిలింది చక్కెర లాంటి పదార్థమని చూపాడు. 1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టారు. అప్పటిదాకా చిన్న వయసులో ఈ జబ్బు వస్తే చావే. ఆ తర్వాత బతకడానికి దారి దొరికింది.

అయినా చాలాకాలం డాక్టర్లు తమ దగ్గరకు వచ్చిన రోగినే చూశారు. రానివాడి సంగతి ఎవరికీ పట్టలేదు. 1946-47లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో ఊరి జనాన్ని పరీక్షించారు. షుగరు వైద్యంలో పేరున్న ఇలియట్ జోస్లిన్ పుట్టిన ఊరు అది. 3,516 మందిని చూస్తే 70 మందికి జబ్బు ఉంది. అందులో 40 మందికి ముందే తెలుసు, 30 మందికి అప్పటిదాకా తెలియదు. అంటే తెలిసిన ప్రతి నలుగురికీ తెలియని ముగ్గురు ఉన్నారన్నమాట. డాక్టరు వాకిట్లో కూర్చుని లెక్కపెడితే దాదాపు సగం లెక్క తప్పుతుందని ఆ ఊరు నేర్పింది. ఇవాళ ఆశా కార్యకర్త మన గడపకు వచ్చి చేసే పనికి మూలం అక్కడుంది.

ఏటి ప్రజలు

అరిజోనాలో హీలా అనే ఏరు ఉంది. దాని ఒడ్డున బతికిన ఆదివాసులు తమను తాము అకిమెల్ ఓఓధమ్ అనుకుంటారు. ఏటి ప్రజలు అని అర్థం. బయటివాళ్ళు వాళ్ళకు పీమా అని పేరు పెట్టారు. ఎవరో ఏదో అడిగితే "తెలియదు" అని తమ భాషలో జవాబు చెప్పారనీ, ఆ మాటనే జాతి పేరుగా రాసుకుపోయారనీ చెబుతారు. మన గూడేల పేర్లు రికార్డుల్లో ఎలా మారిపోయాయో తెలిసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. ఓఓధమ్ అంటే మనుషులు. మన కోయతూర్ అన్న మాటకూ అదే అర్థం.

వాళ్ళు ఎడారిలో కాలువలు తవ్వి సేద్యం చేసిన రైతులు. మొక్కజొన్న, గుమ్మడి, పత్తి, ఎండకు తట్టుకునే టెపరీ చిక్కుడు పండించారు. తర్వాత గోధుమ వచ్చింది. ఏట్లో చేపలు, అడవిలో మెస్కీట్ కాయలు, ఎడారి జెముడు పండ్లు. 1849 తర్వాత కాలిఫోర్నియా బంగారం కోసం ఆ దారిన పోయే తెల్లవాళ్ళ ఆకలి తీర్చింది వాళ్ళ గోధుమలే. అమెరికా సైన్యానికి కూడా ధాన్యం అమ్మారు. 1859లో వాళ్ళకు ఒక రిజర్వు భూమి గీశారు. నేల కాగితం మీద మిగిలింది, నీరు మిగల్లేదు. 1860ల చివరి నుంచి ఎగువన దిగిన వలసదారులు కాలువలు తవ్వి ఏటిని మళ్ళించుకున్నారు. 1890ల నాటికి పొలాలు ఎండిపోయి కరువు వచ్చింది. ధాన్యం అమ్మినవాళ్ళు ప్రభుత్వ రేషను కోసం చేతులు చాచారు. వంటచెరకు కొట్టి అమ్ముకుని బతికారు. 1930లో కూలిడ్జ్ ఆనకట్ట ప్రారంభమైనా వాళ్ళ పొలాలకు చాలినంత నీరు రాలేదు.

రేషనులో ఏం వచ్చింది? మైదాపిండి, పందికొవ్వు, చక్కెర, డబ్బాల్లో తిండి. పొలం పని పోయింది, పొలం తిండీ పోయింది. అక్కడ పైవాళ్ళు నీళ్ళు పట్టుకుపోతే నేల ఎండింది. ఇక్కడ గోదావరి ఒడ్డున నీళ్ళు ముంచుకొస్తుంటే మన ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. దారి వేరు, చివరికి పొయ్యి మీదకు వచ్చే మార్పు ఒకటే.

ఇప్పుడు జబ్బు లెక్క చూడండి. 1908లో అచ్చయిన ఒక పరిశీలనలో ఆలెష్ హర్డ్లిచ్కా పీమాల్లో షుగరు జబ్బు ఒకే ఒక్కరికి ఉన్నట్టు రాశాడు. 1940లో జోస్లిన్ వాళ్ళలో 21 మందిని లెక్కపెట్టి, మిగతా దేశానికీ వీళ్ళకూ తేడా లేదన్నాడు. 1954 నాటికి ఆ సంఖ్య పది రెట్లు దాటింది. యాభై ఏళ్ళలో నెత్తురు మారదు, వంశం మారదు. మారింది ఏరు.

నెత్తురు ఇచ్చినవాళ్ళు

1963లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు అక్కడికి వచ్చింది షుగరు కోసం కాదు, కీళ్ళవాతం కోసం. చలి ప్రాంతంలో ఉండే బ్లాక్‌ఫీట్ ఆదివాసులకూ, వేడి ప్రాంతంలో ఉండే పీమాలకూ కీళ్ళ జబ్బులో తేడా ఉందా అని చూడాలనుకున్నారు. నెత్తురు పరీక్ష చేస్తే ఎవరూ ఊహించనంత షుగరు కనిపించింది. 1965లో పీటర్ బెన్నెట్ బృందం దీర్ఘకాలపు అధ్యయనం మొదలుపెట్టింది. అయిదేళ్ళు నిండిన ప్రతి ఒక్కరినీ రెండేళ్ళకోసారి పిలిచేవారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటల తర్వాత నెత్తురు తీసేవారు. నలభై ఏళ్ళ పాటు తాతలు, తల్లులు, మనవళ్ళు అలా చేయి చాచారు.

1971లో వాళ్ళ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 35 ఏళ్ళు దాటినవాళ్ళలో సగం మందికి షుగరు ఉంది. ఇంకో సంగతి కూడా బయటపడింది. మామూలుగా ఒక జనంలో చక్కెర అంకెలు గీసి చూస్తే ఒకే గుట్టలా ఉంటుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. పీమాల అంకెలు మాత్రం రెండు గుట్టలుగా విడిపోయాయి. జబ్బు లేనివాళ్ళు ఒక గుట్ట, ఉన్నవాళ్ళు ఇంకో గుట్ట. గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 మిల్లీగ్రాముల దగ్గర ఆ రెంటి మధ్య లోయ ఉంది. ఆ లోయ దాటినవాళ్ళలోనే కంటిపొర, మూత్రపిండాలు దెబ్బతినడం ఎక్కువ కనిపించింది. 1979లో అమెరికా నిపుణులు, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ షుగరును తేల్చే కొలతలు ఖాయం చేసినప్పుడు ఆధారపడిన ముఖ్యమైన సాక్ష్యాల్లో ఇది ఒకటి. పసిఫిక్ సముద్రంలోని నౌరు దీవి ప్రజల నుంచి కూడా అలాంటి సాక్ష్యమే వచ్చింది. అక్కడ కూడా ఫాస్ఫేటు గనుల వల్ల సొంత సేద్యం, సొంత తిండి పోయాయి.

కాబట్టి భద్రాచలంలో గానీ, పాడేరులో గానీ, ఉట్నూరులో గానీ డాక్టరు రెండు గంటల పరీక్ష చేసి 200 దాటిందని చెప్పినప్పుడు, ఆ గీత గీయడానికి నెత్తురు ఇచ్చింది ఏరు పోగొట్టుకున్న ఆదివాసులు. వైద్య పుస్తకంలో అంకె ఉంటుంది, వాళ్ళ పేరు ఉండదు.

ఇంకా చాలా సంగతులు ఆ జనం వల్లే తెలిశాయి. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి షుగరు ఉంటే, ఆ బిడ్డకు పెద్దయ్యాక జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని 1980లలో అక్కడే స్పష్టంగా చూపారు. పెద్దవాళ్ళ జబ్బు అనుకున్నది పిల్లల్లో కూడా వస్తుందని ముందుగా గమనించిన చోట్లలో అదొకటి.

వంశంలో ఉందా, కాలువలో ఉందా

1962లో జేమ్స్ నీల్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ చెప్పాడు. కరువుల్లో బతికినవాళ్ళ ఒంట్లో తిండిని పొదుపు చేసే జన్యువు ఉండవచ్చనీ, తిండి ఎక్కువైతే అదే జబ్బు తెస్తుందనీ. తర్వాత ఈ ఊహను ఆదివాసుల మీద అంటించేశారు. "వాళ్ళ నెత్తురే అంత" అన్న మాట స్థిరపడింది. నీల్ తన ఊహను తర్వాత తానే సవరించుకున్నాడు. ఆ మాట మాత్రం పోలేదు.

దీనికి జవాబు సరిహద్దు అవతల దొరికింది. మెక్సికోలో మాయ్‌కోబా అనే కొండ ఊరి దగ్గర పీమాల దాయాదులున్నారు. పరిశోధకులు చూసినప్పుడు వాళ్ళు ఇంకా సొంతంగా దున్ని, కొండలెక్కి, మొక్కజొన్న, చిక్కుళ్ళు తిని బతికేవాళ్ళు. 2006లో వచ్చిన లెక్క ప్రకారం అక్కడి పీమాల్లో షుగరు 6.9 శాతం. అమెరికా పీమాల్లో 38 శాతం. వంశంలో ఏమీ లేదని కాదు. ఉన్నది నిద్రపోతుందో లేస్తుందో తేల్చేది నేల, నీరు, పని, తిండి.

టీచర్లు ఈ ముక్క పిల్లలకు తప్పక చెప్పాలి. "మీ జాతికి ఈ జబ్బు రాసిపెట్టి ఉంది" అని వినే పిల్లవాడు పరీక్ష ఎందుకు చేయించుకుంటాడు?

పరీక్ష ఒక్కటే చాలదు

ఇక్కడే చిన్నాయన చీటీ గుర్తొస్తుంది. నలభై ఏళ్ళ పరీక్షలు జరిగినా హీలా ఒడ్డున జబ్బు తగ్గలేదు. కొలవడం వేరు, కాయడం వేరు. ఆ కొలతల వల్ల ప్రపంచానికి జ్ఞానం దక్కింది, ఆ ఊళ్ళకు డయాలసిస్ గదులు దక్కాయి.

ఇంకో ఆదివాసీ జాతికి జరిగింది కూడా చెప్పాలి. గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హావాసుపాయ్ ప్రజలు తమలో షుగరు ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవాలని 1990 ప్రాంతంలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులకు నెత్తురు ఇచ్చారు. ఆ నెత్తురును వాళ్ళకు చెప్పకుండా మానసిక జబ్బుల మీద, వాళ్ళ పూర్వీకుల వలసల మీద పరిశోధనలకు వాడారు. తెలిసి కోర్టుకు వెళ్ళారు. 2010లో విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నెత్తురు నమూనాలను తిరిగి అప్పగించింది. వాళ్ళు ఆ నమూనాలను ఊరికి తెచ్చుకున్నారు. వేలు చాచే ముందు "దీన్ని దేనికి వాడతారు?" అని అడగడం మర్యాద తప్పడం కాదు, హక్కు.

దారి మారింది ఎప్పుడు? 1997లో అమెరికా పార్లమెంటు ఆదివాసుల కోసం ప్రత్యేక షుగరు పథకానికి నిధులిచ్చింది. ఆ డబ్బును తెగల సొంత ఆరోగ్య కేంద్రాలు తమ పద్ధతిలో వాడుకున్నాయి. పరీక్ష చేసినవాళ్ళే మందు ఇచ్చారు. మందు ఇచ్చినవాళ్ళే రక్తపోటు చూశారు, మూత్రపిండాలు చూశారు, పాదాలు చూశారు, ఇంటికి వెళ్ళి పలకరించారు. 1996 నుంచి 2013 వరకు చూస్తే, అమెరికా ఆదివాసుల్లో షుగరు వల్ల మూత్రపిండాలు చెడిపోవడం 54 శాతం తగ్గింది. వంశం అదే, మనుషులు అదే. మారింది వెంట ఉండే మనిషి.

2004లో ఇంకొకటి జరిగింది. ఏళ్ళ తరబడి పోరాడిన తర్వాత చట్టం ద్వారా హీలా నది ప్రజలకు నీటి హక్కు తిరిగి దక్కింది. ఏటా 6,53,500 ఎకరం-అడుగుల నీరు. ఆ నేలలో మళ్ళీ టెపరీ చిక్కుళ్ళు పండుతున్నాయి. ఆరోగ్యానికి కోర్టులో వాదన, కాలువలో నీరు కూడా మందులే.

మన దగ్గర

మన దేశంలో షుగరు, బీపీ, క్యాన్సర్, గుండె జబ్బుల జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. తర్వాత 30 ఏళ్ళు దాటిన అందరినీ ఊళ్ళోనే పరీక్షించే పని వచ్చింది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక ఫారం నింపుతుంది. వయసు, పొగ, సారా, నడుము చుట్టుకొలత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. ఉపకేంద్రంలో వేలి నెత్తురు చూస్తారు. ఆ వేళకు 140 దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, అక్కడ మళ్ళీ పరీక్షించి తేల్చాలి. వేలి పరీక్ష అనుమానం చెబుతుంది, జబ్బును అక్కడ ఖాయం చేస్తారు. ఈ తేడా నాకు ఆనాడు తెలిసి ఉంటే చిన్నాయనను ఆ వారంలోనే తీసుకుపోయేవాణ్ణి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది.

ఏజెన్సీలో రెండు సంగతులు ప్రత్యేకం. ఒకటి సికిల్ సెల్. మన జాతుల్లో ఈ రక్త జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కువ. 2023 జులైలో దేశమంతటా దీని నిర్మూలన కార్యక్రమం మొదలైంది. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్రకణాల వయసు మీద ఆధారపడుతుంది. సికిల్ జబ్బు ఉన్నవాళ్ళ ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతాయి. కాబట్టి షుగరు ఉన్నా అంకె తక్కువగా రావచ్చు. అలాంటివాళ్ళకు పరగడుపు పరీక్ష, గ్లూకోజు తాగించి చేసే పరీక్ష నమ్మదగినవి. "మాకు సికిల్ ఉంది" అని ముందే డాక్టరుకు చెప్పాలి.

రెండోది సన్నగా ఉన్నవాళ్ళ షుగరు. బొజ్జ ఉన్నవాళ్ళకే ఈ జబ్బు అని మనలో నమ్మకం. ఫారంలో నడుము కొలతకు మార్కులు ఉంటాయి కాబట్టి బక్కపలచనివాళ్ళు వెనకబడిపోతారు. చిన్నప్పటి నుంచి చాలినంత తిండి లేనివాళ్ళలో వచ్చే షుగరును అయిదో రకంగా 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య గుర్తించింది. మా చిన్నాయన జీవితంలో ఎప్పుడూ లావుగా లేడు.

తిండి సంగతి కూడా చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళు జొన్న గట్క, సామ అన్నం, రాగి అంబలి తిన్నారు. వానాకాలంలో దుంపలు, ఇప్పపువ్వు. ఆకలి కూడా తిన్నారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది. ఆ బియ్యాన్ని నేను తిట్టను, అది తినే నేను చదువుకున్నాను. కానీ పోడు తగ్గి, గింజ పోయి, మూడు పూటలా తెల్లన్నమే మిగిలింది. ఇవాళ సంతలో కొర్రలు బియ్యం కన్నా ఖరీదు. "చిరుధాన్యాలు తినండి" అని గోడ మీద రాసినంత మాత్రాన అవి పళ్ళెంలోకి రావు. పండించే నేల, డిపోలో ఇచ్చే గింజ ఉండాలి.

మనం చేయగలిగింది

బడి అరుగు మీద శిబిరం పెడతామని ఎవరైనా వస్తే ఇప్పుడు నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. అంకె ఎక్కువ వచ్చినవాళ్ళను ఎక్కడికి పంపుతారు? మందులు ఎన్ని నెలలు ఇస్తారు? మళ్ళీ ఎప్పుడు వస్తారు? పేర్లు, నెత్తురు ఎవరి దగ్గర ఉంటాయి? జవాబు లేకపోతే బల్లలు వేయించను.

యువతకు ఒక పని చెబుతాను. మీ ఊళ్ళో ఒక నోటుబుక్కు పెట్టండి. ముప్పై దాటినవాళ్ళ పేర్లు, పరీక్ష అయిన తేదీ, వచ్చిన అంకె, మళ్ళీ వెళ్ళాల్సిన తేదీ రాయండి. వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి, ఇతరులకు చూపకండి. ఆశా అక్కతో కలిసి నెలకోసారి తిప్పి చూడండి. చీటీలు చదివి, మన భాషలో అర్థం చెప్పండి. అరికాళ్ళు చూసుకోమనండి. కడుపుతో ఉన్న ఆడపడుచులకు షుగరు పరీక్ష జరిగిందో లేదో అడగండి.

చిన్నాయన ఇప్పుడు మందు వేసుకుంటున్నాడు. కర్ర పట్టుకుని చేను దాకా నడుస్తాడు. ప్రతి నెలా మాత్రలు తెచ్చి ఇచ్చినప్పుడు నా చేతిలోని కాగితం తీసుకుని, "ఈసారి ఎంత రాశారు, చదువు" అంటాడు. చదివి, అర్థం చెబుతాను. ఆ పని రెండేళ్ళు ముందు చేయాల్సింది.